పాఠశాల వార్తాలేఖ, ఫిబ్రవరి 2022: జ్వరాలు, కిటికీలు, జాతర సెలవులు

హనుమకొండ, 10 ఫిబ్రవరి 2022

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారాలు.

ఎనిమిదో తరగతి విద్యార్థి ఒకరికి గత శనివారం కోవిడ్ నిర్ధారణ అయిన సంగతి మీ అందరికీ తెలిసిందే. ఆ ఒక్కరు ఆదివారం మధ్యాహ్నానికి ఆరుగురయ్యారని, సాయంత్రానికి ఒక ఉపాధ్యాయురాలు ఆసుపత్రిలో చేరారని, రాత్రికి బడి మళ్లీ మూతపడబోతోందని వాట్సాప్ గ్రూపుల్లో తిరిగిన మాటలు నా వరకూ వచ్చాయి. వాటిలో ఒక్కటీ నిజం కాదు. పాజిటివ్ వచ్చింది ఒక్కరికే. ఇంటి వద్దే ఉండి కోలుకుంటున్నట్లు నిన్న వారి తల్లిదండ్రులు ఫోనులో చెప్పారు. ఆసుపత్రిలో ఉన్నారని మీరు బెంగపడిన ఉపాధ్యాయురాలు సోమవారం మొదటి పీరియడ్‌లో, సగానికి పైగా బల్లలు ఖాళీగా ఉన్న తరగతికి, లెక్కలు చెబుతూ ఉన్నారు. ఆ విద్యార్థి పేరేమిటో చెప్పమని ఇప్పటికీ కొందరు కార్యాలయానికి ఫోను చేస్తున్నారు. చెప్పము. రేపు మీ బిడ్డకు జ్వరం వచ్చినా ఇదే మర్యాద పాటిస్తాము.

తరగతిలోని పిల్లలందరికీ పరీక్షలు ఎందుకు చేయించలేదని చాలామంది అడిగారు. ప్రశ్న న్యాయమైనదే. 2020లో పాజిటివ్ వచ్చిన మనిషి ఉన్న వీధి మొదట్లోనే కర్రలు కట్టి, ఇంటిల్లిపాదినీ 14 రోజులు గడప దాటనివ్వని రోజులు మనమంతా చూశాము. ఇప్పుడు భారత వైద్య పరిశోధన మండలి జనవరి 10న ఇచ్చిన సూచనల ప్రకారం, లక్షణాలు లేనివారు పాజిటివ్ వ్యక్తితో కలిసి ఉన్నప్పటికీ, వయసు వల్లనో ఇతర జబ్బుల వల్లనో ప్రమాదం ఎక్కువ ఉంటే తప్ప, పరీక్ష చేయించుకోనవసరం లేదు. లక్షణాలు స్వల్పంగా ఉన్నవారు పాజిటివ్ వచ్చిన నాటి నుంచి కనీసం 7 రోజులు ఇంట్లో ఉండి, చివరికి వరుసగా 3 రోజులు జ్వరం లేకపోతే మళ్లీ పరీక్ష లేకుండానే బయటకు రావచ్చు. నిబంధనలు ఇలా మారడం చూసి, "వీళ్లకే ఏమీ తెలియదు, మనకేం చెబుతారు" అని ఒక తండ్రి నాతో అన్నారు. జబ్బు మారింది, టీకాలు వచ్చాయి, వైద్యులకు తెలిసినదీ పెరిగింది. వీటన్నింటి తరువాత కూడా నిబంధన 2020లో ఉన్నట్టే ఉండిపోతే నాకు ఎక్కువ భయం వేసేది. అయితే ఒక్క విషయంలో జాగ్రత్త అవసరం. జ్వరం, దగ్గు ఉన్న బిడ్డకు ర్యాపిడ్ పరీక్షలో నెగెటివ్ వచ్చినంత మాత్రాన నిశ్చింతగా బడికి పంపకండి. అలాంటప్పుడు ఆర్‌టీ‌పీసీఆర్ చేయించాలన్నదే వైద్యుల మాట.

ఇక నేను ఎంత మర్యాదగా చెప్పాలనుకున్నా కొంత కటువుగానే వినిపించే మాట. ఉదయం ఆరింటికి ఒళ్లు కాలుతున్న బిడ్డకు పారాసెటమాల్ వేసి, ఏడున్నరకు బస్సు ఎక్కించే అలవాటు మనలో చాలా ఇళ్లలో ఉంది. ఆ మాత్ర ప్రభావం పదకొండు గంటల వరకూ బాగానే ఉంటుంది, ఆ తరువాత బిడ్డ బల్ల మీద తల వాల్చేస్తుంది. బడి తెరిచిన ఈ కొద్ది రోజుల్లోనే ఒక బాబు జామెట్రీ పెట్టెలో, వృత్తలేఖినికీ రబ్బరుకూ మధ్య, నోటుపుస్తకం కాగితంలో భద్రంగా చుట్టిన మాత్ర ఒకటి మా టీచరుకు కనిపించింది. పాపం, "ఇంటర్వెల్లో వేసుకో, ఎవరికీ చెప్పకు" అని ఇంట్లో చెప్పారట. తల్లిదండ్రులిద్దరూ పనికి వెళ్లక తప్పని ఇళ్లలో జ్వరం వచ్చిన బిడ్డను ఎవరు చూసుకోవాలన్నది ఎంత పెద్ద సమస్యో నాకు తెలుసు. అలాంటివారు నాకు ఫోను చేయండి, పాఠాలు ఇంటికి అందేలా చూసే పూచీ మాది. మాత్ర ఇచ్చి దాచమని చెప్పడం వల్ల మాత్రం బిడ్డ జ్వరంతో పాటు భయాన్నీ మోస్తూ బడికి వస్తుంది. అలాగే, సోమవారం కట్టిన గుడ్డ మాస్కునే శుక్రవారం దాకా ఉతకకుండా పంపడం, అన్నదమ్ములు ఒకే మాస్కును వంతులవారీగా వాడుకోవడం కూడా మానిపించవలసిందిగా మనవి.

కిటికీల గురించి అనేక ఫిర్యాదులు అందాయి. ఉదయపు చలి, దోమలు, రోడ్డు మీది దుమ్ము, లారీల హారన్లు అన్నీ నిజమే. అయినా కిటికీలు మూయము. ఈ జబ్బు గాలి ద్వారా వ్యాపించదని 2020 మార్చిలో గట్టిగా చెప్పిన ప్రపంచ ఆరోగ్య సంస్థే, గాలి సరిగా ఆడని గదుల్లో అది వ్యాపించగలదని తరువాత ఒప్పుకుంది. రెండేళ్లుగా మనం బల్లలకు రసాయనాలు చల్లాము, చేతులు ఒరిసిపోయేలా శానిటైజరు రుద్దుకున్నాము, గేటు దగ్గర నుదుటికి థర్మామీటరు గురిపెట్టాము. పైసా ఖర్చులేని కిటికీ రెక్కను తెరవడానికి మాత్రం వెనుకాడుతున్నాము! కిటికీలు మూసి సీలింగ్ ఫ్యాను వేస్తే గదిలోని గాలే గదిలో తిరుగుతుంది. ఈ సంగతి నేను చెబితే ఎవరికీ పట్టలేదు. మా తొమ్మిదో తరగతి బాలికలు కళ్లకు కట్టినట్టు చూపించారు. సైన్సు టీచరును వెంటబెట్టుకుని, అగరుబత్తి వెలిగించి, గదిలో బల్లబల్లకూ తిరిగి పొగ ఎటు పోతోందో నోటుపుస్తకంలో బాణం గుర్తులతో గీసుకున్నారు. కిటికీలు మూసినప్పుడు పొగ పైకి లేచి, ఫ్యాను కింద సుడి తిరిగి, మళ్లీ అవే బల్లల మీదికి దిగింది. ఒక వైపు కిటికీ తెరిస్తే పెద్దగా తేడా రాలేదు. ఎదురెదురుగా కిటికీ, తలుపు రెండూ తీసి ఉంచితే పొగ తలుపు వైపు వంగి వరండాలోకి వెళ్లిపోయింది. చివరి రెండు బల్లల దగ్గర మాత్రం అప్పటికీ నిలిచిపోతుంటే, కారణం ఏమిటా అని వెతికి, వెనక కిటికీకి అడ్డంగా ఏళ్లుగా ఉన్న ఇనుప బీరువాను కనిపెట్టినదీ వాళ్లే. ఆ సాయంత్రమే బీరువా జరిపించాము. ఈ పిల్లలను చూసి నాకు కలిగిన గర్వం ఇంతా అంతా కాదు. దోమలకు జాలీలు బిగించే పని మొదలైంది. చలికి స్వెటర్లు మీరు పంపండి.

పదో తరగతి వారి గురించి కూడా చెప్పాలి. 2020లో, 2021లో పదో తరగతి పరీక్షలే రద్దయ్యాయి. ఈ పిల్లలు ఎనిమిదో తరగతి పరీక్షలు రాయకుండానే పై తరగతికి వచ్చారు, తొమ్మిదో తరగతిని చాలావరకు ఫోను తెరలో చదివారు. అలాంటివారు ఇప్పుడు పూర్తి పీరియడ్ కూర్చుని రాయడం మళ్లీ అలవాటు చేసుకుంటున్నారు. 15 ఏళ్లు నిండినవారికి జనవరి 3 నుంచి కొవాగ్జిన్ ఇస్తున్నారు. మొదటి డోసుకు 28 రోజులు నిండినవారు రెండో డోసుకు ఆలస్యం చేయకండి. మన పదో తరగతి అమ్మాయి ఒకరు తన టీకా రోజున, ఏడాదిగా సూదికి ససేమిరా అంటున్న నాయనమ్మను కూడా ఆటో ఎక్కించి ఆరోగ్య కేంద్రానికి తీసుకువెళ్లి, ఇద్దరూ ఒకే వరుసలో నిలబడి వేయించుకుని వచ్చారు. ఇంటి పెద్దలందరూ కలిసి చేయలేని పని అది.

బస్సు ఫీజు, గుర్తింపు కార్డుల ఫొటోలు, పదో తరగతి నామినల్ రోల్స్‌లోని (పరీక్ష రాసే పిల్లల జాబితాలోని) పేర్ల సవరణల సంగతి కార్యాలయంలో కనుక్కోగలరు.

చివరగా జాతర. సమ్మక్క సారలమ్మల జాతర ఈ నెల 16 నుంచి 19 వరకు జరుగుతుంది. మన జిల్లాల వారిని మేడారం వెళ్లవద్దనడం నా పని కాదు, అన్నా మీరు వినరు. ఎత్తు బంగారం (మనిషి బరువుకు తూచిన బెల్లం) సమర్పించి, జంపన్న వాగులో స్నానం చేసి, లక్షల మంది మధ్య తిరిగి వచ్చిన కుటుంబమే మరునాడు "మీ తరగతి గదిలో దూరం పాటిస్తున్నారా" అని నన్ను నిలదీస్తే మాత్రం జవాబు చెప్పడం కొంచెం కష్టం. వెళ్లేవారు సెలవు చీటీని 15వ తేదీ లోగా తరగతి ఉపాధ్యాయులకు పంపండి, కారణం జాతర అనే రాయండి, "కడుపునొప్పి" అని రాయనవసరం లేదు. తిరిగి వచ్చాక ఇంట్లో ఎవరికైనా జ్వరమో గొంతునొప్పో ఉంటే బిడ్డను ఇంట్లోనే ఉంచి, ఉదయం ఎనిమిది లోగా కార్యాలయానికి ఒక్క ఫోను చేయండి. ఆ రోజులకు హాజరు గురించి ఏ బిడ్డనూ ఏమీ అనము.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు