బడి పిల్లల తిండిలో రంగులు

సంపాదకులకు నమస్కారం.

టెక్సస్‌లో ఉంటున్న తల్లిగా రాస్తున్నాను. పాలలో వేసుకు తినే రంగురంగుల అల్పాహారం ఫ్రూట్ లూప్స్‌ను తయారుచేసే డబ్ల్యూకే కెల్లాగ్ సంస్థ, 2027 చివరికల్లా తన ఆహారపదార్థాల నుంచి కృత్రిమ రంగులను తొలగిస్తామని 2025 ఆగస్టులో ఈ రాష్ట్ర అటార్నీ జనరల్‌కు చట్టబద్ధంగా హామీపత్రం రాసిచ్చింది. ఈ పనిని 2018 నాటికే పూర్తి చేస్తామని 2015లో చెప్పి మాట తప్పిన కెల్లాగ్ కంపెనీ నుంచి 2023లో విడివడిన సంస్థ ఇది. కెనడాలో అమ్మే ఫ్రూట్ లూప్స్‌కు మాత్రం క్యారెట్, పుచ్చకాయ, బ్లూబెర్రీ రసాలతోనే రంగు అద్దుతోంది. కాబట్టి ఇక్కడ కొరవడింది సాంకేతికత కాదు, ఒత్తిడి.

అయినా హామీపత్రం రాసిచ్చిన సంస్థను మాత్రమే కట్టడి చేస్తుంది. కాలిఫోర్నియా 2024లో చేసిన చట్టం అలా కాదు. 2027 డిసెంబరు 31 నుంచి రెడ్ 40, ఎల్లో 5 సహా ఆరు కృత్రిమ రంగుల్లో ఏది ఉన్నా ఆ పదార్థాలను, తయారీదారు ఎవరైనా సరే, అక్కడి ప్రభుత్వ బడుల్లో పెట్టకూడదు. నాకు ఈ దారే మెరుగనిపిస్తుంది.

మా పాప తిని వదిలేసిన గిన్నెలో పాలు మురికి గులాబీరంగుకు తిరగడం చూశాకే నేను డబ్బా వెనక్కి తిప్పి చదివాను. అందులో కనిపించిన ఎల్లో 5 అన్నది భారత్‌లో మిఠాయిల్లో అనుమతి ఉన్న టార్ట్రజైనే. ప్యాకెట్ల మీద దాన్ని 102 అనే అంకెతో సూచిస్తారు.

— ఒక పాఠకురాలు, టెక్సస్