టపాకాయ కాని టపాకాయ

ఒరేయ్ మూర్తీ,

జవాబు ఇంత ఆలస్యం చేసినందుకు ఎంత తిట్టినా పడతాను. ఇక్కడ అందరం కులాసా. మిగతా కబుర్లు తర్వాత. నువ్వు ఇంట్లో చేసిన క్రిస్మస్ క్రాకర్లు పేల్లేదని రాశావే, ఆ సంగతి చెప్పేదాకా నాకు అన్నం సహించదు.

క్రాకర్లంటే వత్తీ అగ్గిపుల్లా కాదు, మళ్లీ నీళ్ల బకెట్ పట్టుకుని పరిగెత్తకు! ఇంగ్లీషువాళ్లు క్రిస్మస్ విందులో కంచం కంచం పక్కనా పెట్టుకునే కాగితపు గొట్టాలివి. ఇద్దరు చెరో కొసా పట్టి లాగితే టప్‌మని చిరుగుతుంది. నడుం ముక్క ఎవరి చేతికొస్తే లోపలి సరుకు వాళ్లది. లండన్ మిఠాయి వ్యాపారి టామ్ స్మిత్ 1847లో మొదలుపెట్టాడంటారు. పారిస్‌లో కొసలు మెలిపెట్టిన మిఠాయి పొట్లాలు చూసొచ్చిన ఆలోచనట. పెళ్లి విందులకైతే పైన అతిథి పేరు కూడా రాస్తారు.

ఇక అసలు సంగతి. పదింటిలో ఏడు తుస్సుమన్నాయని రాశావే, ఆ తప్పు లోపల టప్‌మనే పట్టీది కాదురా, నీ జిగురుది! ఆ పట్టీనే స్నాప్ అంటారు, అంటే రెండు సన్నటి అట్ట పట్టీలు. నడుమ కాస్త ఒకదాని మీదికొకటి ఎక్కి ఉంటాయి. ఆ ఎక్కిన చోట రవ్వంత సిల్వర్ ఫల్మినేట్ అనే పేలుడు మందు, దానికెదురుగా గరుకు పూత. పట్టీలు చెరోవైపు జారితే ఆ రాపిడికి పేలుతుంది. నువ్వేమో కదలకూడదని సరిగ్గా నడిమధ్యన జిగురు రాశావు. ఇక జారేదెలా? కొసలేమో వదిలేశావు. కాగితం చిరిగి చేతికొచ్చింది, పట్టీ గొట్టంలోనే నిద్రపోయింది.

ఈసారి ఇలా చెయ్. ఒక్కో క్రాకర్‌కి రెండు టాయిలెట్ రోల్ గొట్టాలు, దాదాపు 10 సెంటీమీటర్లవి. ఒకటి అలాగే నడుమకి, రెండోది సగానికి కోసి అటూ ఇటూ. మధ్యలో చెరో 4 సెంటీమీటర్ల ఖాళీ. మొత్తం 28. స్నాప్ కూడా అంతే పొడవుది చూసుకో. పైకాగితం 30 పొడవు, 17 వెడల్పు: గొట్టం చుట్టుకొలత 14, మిగతా 3 అతుక్కి. స్నాప్‌ని గొట్టాల్లోంచి దూర్చి, చివరి 2 సెంటీమీటర్లు మాత్రమే చిన్న గొట్టాల లోపలి గోడకి అంటించు. జిగురు వేడిగా పోసే తుపాకీ దాని దగ్గరికే తేకు, వేడి తగిలినా పేలుతుంది.

క్రేప్ కాగితమైతే ముడతల గీతలు క్రాకర్ పొడవునా సాగాలి. అడ్డంగా పెట్టావో, లాగితే రబ్బరులా సాగుతుంది తప్ప చిరగదు. ప్లాస్టిక్ పూత ఉన్న మెరుపు కాగితమూ అంతే, మొండిఘటం. ఖాళీ దగ్గర ట్వైన్ దారం ఒక చుట్టు చుట్టి మెల్లగా బిగించు, మెడ సన్నబడ్డాక దారం తీసేసి రిబ్బన్ కట్టు. దారం అలాగే ఉంచి బిగిస్తే పల్చటి కాగితం ముందే తెగుతుంది. ఒక మెడ కట్టాక సరుకు వెయ్యి, ఆ తర్వాతే రెండోది. నవ్వకు, రెండూ కట్టేసి సరుకు చేత్తో పట్టుకుని కూర్చునేవాడివి నువ్వే!

ఇక లోపలి సరుకు. కాగితపు కిరీటానికి టిష్యూ 60 పొడవు, 12 వెడల్పు. నాలుగు మడతలు వేసి ఒక పక్క వి ఆకారంలో కత్తిరించు, కొసలు 2 సెంటీమీటర్లు అతికించు. అంతకంటే పొట్టిదైతే నీ తల సైజుకి... సరే, ఆ గొడవ ఎందుకులే. ఒక చీటీలో కుళ్లు జోకు, తేలికైన కానుక. బరువైనదైతే చిరగగానే దూరంగా ఎగిరి పడుతుంది.

అన్నట్టు, మోత చాల్లేదని ఆ మందు నువ్వే కలపాలని చూడకు. ఒట్టు పెట్టించుకుంటున్నాను. తాకితేనే పేలే రకం అది. తయారైన స్నాప్‌లే కొను, పొడి డబ్బాలో పెట్టు, తేమ తగిలితే మూగబోతాయి. బ్రిటన్‌లో 12 ఏళ్ల లోపువాళ్లకి క్రాకర్లు అమ్మనే అమ్మరు. చాలా విమానాల్లోకి తీసుకెళ్లనివ్వరు కూడా, పెట్టెలో సర్దుకునే ముందు అడుగు.

బల్ల చుట్టూ అందరూ చేతులు అడ్డంగా వేసి, చెరో పక్కవాడి క్రాకర్ కొస పట్టుకుని ఒక్కసారే లాగుతారు చూడు, అందులో ఒక కిటుకుంది. కొస గొట్టాన్ని గుప్పిట బిగించి, కాస్త కిందికి వంచి... అయ్యో, పోస్టు డబ్బా తీసే వేళయింది, పరిగెత్తాలి.

నీ
జిగురు సీసా