ఆ 41 రోజులూ నన్నేమీ అడగకుండా పక్కన ఉన్నవాళ్ళకు

అందరికీ సలాం, నమస్కారం.

మా పాప నిన్న ఇంటికొచ్చింది. 1,820 గ్రాములు. ఏడో నెలలోనే, 29 వారాలకు పుట్టినప్పుడు 1,150. ఈ మధ్యలో 41 రోజులు ఎన్ఐసీయూ (పసిబిడ్డల ఐసీయూ) గాజుపెట్టెలో ఉంది.

మాది నెల్లూరు వైపు దూదేకుల కుటుంబం, ఇంట్లో తెలుగే. చెన్నై రాయపేటలో నాలుగేళ్ళుగా ఉంటున్నాం. పాప పుట్టింది రంజాను మొదటి వారంలో. బాలింతకు ఉపవాసం లేదు, నమాజూ లేదు. మా ఇళ్ళలో దానికి 40 రోజుల గడువు. 'సబర్‌తో (ఓపికతో), నమాజుతో సాయం కోరుకోండి' అని ఖురాన్‌లో బఖరా సూరాలో (అధ్యాయంలో) ఉంది కదా, ఆ రెండింట్లో నా చేతిలో ఒక్కటే మిగిలింది. సజ్దాలో నేలకు తల ఆనిస్తే దిగే బరువంతా గుండెల్లోనే ఉండిపోయింది. దువా (వేడుకోలు) చేసుకోవచ్చు, జిక్ర్ (అల్లా స్మరణ) చేసుకోవచ్చు. పెదవులు కదులుతూనే ఉండేవి.

అందరికంటే ముందు మా పిన్నికి కృతజ్ఞతలు. రోజూ రాత్రి నెల్లూరు నుంచి ఫోన్ చేసి, 'ఎలా ఉన్నావు' అని కూడా అడగకుండా మర్యం సూరా చదివి పెట్టేసేది. ఈసా నబీ (యేసు) తల్లి మర్యం అలైహిస్సలాం అందులో ఒంటరిగా ఖర్జూరపు చెట్టు మొదట్లో నొప్పులు పడుతూ, 'ఇంతకు ముందే చచ్చిపోయినా బాగుండేది' అనుకుంటుంది. చెట్టు మొదలు పట్టి ఊపు, పండ్లు రాలతాయి, తిను, తాగు, ఎవరైనా ఎదురైతే ఇవాళ ఎవరితోనూ మాట్లాడనని మొక్కుకున్నానని చెప్పు అని ఆమెకు ఆదేశం వస్తుంది. పచ్చి బాలింతకు మాటల బరువు వద్దని అల్లాయే తప్పించాడు. నాకది అర్థమయ్యాక మిగతావాళ్ళ ఫోన్లు ఎత్తడం మానేశాను. 'ఉద్యోగానికి పోబట్టే ఇలా అయింది' అన్న ఒకరికి జవాబు చెప్పలేదు. చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చింది. మంచి మాటైతే పలకండి, లేదా ఊరుకోండి అని ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం చెప్పింది తలచుకుని ఆగాను. ఆ ఓపిక పాప కోసం మిగిలింది.

ఏడవలేదా అంటే, ఏడ్చాను. తప్పిపోయిన కొడుకు యూసుఫ్ కోసం ఏడ్చి ఏడ్చి కళ్ళు తెల్లబడిన యాఖూబ్ నబీయే (ప్రవక్తే) 'ఫసబ్రున్ జమీల్', అందమైన సహనం, అన్నారు. కన్నీళ్ళుంటే సబర్ లేనట్టు కాదు.

రాత్రి డ్యూటీ సిస్టరుకు. రెండో వారంలో పాపను నా రొమ్ము మీద ఒంటికి ఒళ్ళు ఆనేలా పడుకోబెట్టి, దుప్పటి కప్పి, కంగారూలాగా అని చూపించింది ఆమే. గొట్టంతో 2 మి.లీ. పాలు పోసే బిడ్డ ఊపిరి నా ఊపిరి పక్కనే నడిచింది. గంటలకొద్దీ కదలకుండా కూర్చోవాలి. సబర్ అంటే బిగబట్టి నిలవడమని మదరసాలో చెప్పిన మాట అక్కడ ఒంటికి తెలిసింది.

ట్రిప్లికేన్ వాలాజా మసీదు జమాతు వాళ్ళకు. మా ఆయన నోరు తెరిచి అడగకముందే మందుల డబ్బు కవరులో పెట్టి ఇచ్చారు, ఎవరిచ్చారో ఇప్పటికీ చెప్పలేదు. ఇఫ్తారు వేళ అక్కడ వడ్డించే మైలాపూరు సూఫీదార్ అనే సేవాసంస్థ వలంటీర్లకు కూడా. విభజన తర్వాత సింధు నుంచి వచ్చిన దాదా రతన్‌చంద్ మొదలుపెట్టిన సేవ అది. హాస్పిటల్ నుంచి పరుగెత్తుకొచ్చి కూర్చున్న మా ఆయనకు ఏ రోజూ విస్తరి ఖాళీగా లేదు.

ఇక కింది వాటా అక్క. రోజూ క్యారియరులో మిరియాల రసం, అన్నం. బిడ్డకెలా ఉందని ఒక్కసారీ అడగలేదు, నా ముఖం చూసి తెలుసుకునేది. వాళ్ళ వంటింట్లో షిర్డీ సాయి క్యాలెండరు మీద 'శ్రద్ధ, సబూరి' అని ఉంటుంది. ఆ సబూరి మా సబరే అక్కా, ఇన్నాళ్ళూ మీకు చెప్పలేదు.

నిన్న సాయంత్రం గుసుల్ (శుద్ధి స్నానం) చేసి, 41 రోజుల తర్వాత మొదటి నమాజుకు నిలబడ్డాను. సజ్దాలో ఉండగా పాప ఏడ్చింది. బిడ్డ ఏడుపు వినిపిస్తే తల్లి తల్లడిల్లుతుందని ప్రవక్త నమాజు త్వరగా ముగించేవారు. నాకు ఆ అవసరం పడలేదు. అక్క మెట్లెక్కి వచ్చి ఎత్తుకుంది.