పాత కూలింగ్ టవర్ కలపను పొయ్యి కట్టెలుగా అమ్మనివ్వొద్దు

సంపాదకులకు,

మా ఊరి శివారులో ఒక కర్రల అడితిలో ఈమధ్య పాత కూలింగ్ టవర్ (ఫ్యాక్టరీలో వేడి నీళ్లను చల్లార్చే కట్టడం) విప్పగా వచ్చిన కలప గుట్టగా పడి ఉంది. పైన నల్లబడినా, రంపం పడిన చోట లోపలంతా లేత ఆకుపచ్చ. ఇదంతా ఎవరు కొంటారని అడితి యజమానిని అడిగాను. బాగున్న దూలాలు పశువుల పాకలకు, మిగతాది టన్నుల లెక్కన హోటళ్లకు, బేకరీలకు వెళ్తుందట. ఆయన్ని అని లాభం లేదు. వేలంలో ఆయనకిచ్చిన కాగితంలో ‘పాత కలప’ అని తప్ప ఇంకో ముక్క లేదు.

ఆ పచ్చరంగు రాగి, క్రోమియం, ఆర్సెనిక్ కలిసిన మందుది. చెద, పుచ్చు పట్టకుండా ఒత్తిడితో చెక్క లోపలికి ఎక్కిస్తారు. 1933లో డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థలో దీన్ని కనిపెట్టిన సొంఠి కామేశం మన తెలుగువారే. మందుగా దానికి వంక పెట్టలేం. ఎన్నో దేశాల్లో కరెంటు స్తంభాలకు ఇదే వాడారు, మన తీరంలో మత్స్యకారుల తెప్ప దుంగలకూ పట్టించి చూశారు. పెద్ద చిక్కు చెక్క పని అయిపోయాకే. అమెరికాలో 2003 చివరి నుంచి ఇళ్ల పనులకు వాడే కలపకు ఈ మందు పట్టించడం మానేశారు.

అక్కడ భూమిలో పాతే కలపకు ఘనపు మీటరుకు 6.4 కిలోల మందు ఎక్కించేవారు. లెక్క కడితే అందులో ఆర్సెనిక్ ఒక్కటే కిలోకు పైన. కలప కాలిపోయినా అది ఎక్కడికీ పోదు. కొంత పొగలో లేస్తుంది, మిగతాది రాగి, క్రోమియంతో పాటు బూడిదలో దిగుతుంది. బూడిదతో గిన్నెలు తోమే ఇళ్లు, ఆనపపాదుకు చల్లే ఇళ్లు మన దగ్గర ఇంకా ఉన్నాయి కదా!

నీళ్లతో కడిగితే ఈ లోహాలు పూర్తిగా రావు, క్రోమియం వాటిని చెక్కకు అంత గట్టిగా పట్టించేస్తుంది. యాసిడ్ కావాలి. కెనడాలోని క్యుబెక్‌లో పరిశోధకులు చెక్కను చిన్న ముక్కలు చేసి, పలుచటి సల్ఫ్యూరిక్ యాసిడ్‌లో 75 డిగ్రీల వేడి మీద కొన్ని దఫాలు నానబెట్టారు. ఆర్సెనిక్, రాగి దాదాపు మొత్తం వచ్చేశాయి, క్రోమియం కాస్త మొండికేసింది. ఆక్జాలిక్ యాసిడ్‌తో, బ్యాక్టీరియాతో, కరెంటుతో లాగే పద్ధతులు కూడా పరీక్షించారు. దిగిన ద్రవంలోంచి రాగిని తీసి మళ్లీ వాడుకోవచ్చు. ఆర్సెనిక్‌ను మాత్రం కొనేవాడు దొరకడు, దాన్ని భద్రంగా పూడ్చాల్సిందే. కాబట్టి ఇది లాభసాటి వ్యాపారమని ఎవరైనా చెబితే నేను నమ్మను. అయినా లారీల కొద్దీ విషపు కలపను దాచడం కన్నా, అందులోంచి తీసిన కొద్దిపాటి మడ్డిని దాచడం తేలిక.

ఏ చెక్కకు మందుందో తెలుసుకోవడం పెద్ద పనేం కాదు. రాగి ఉన్న చోట ముదురు గులాబీ రంగుకు తిరిగే ద్రావకం ఉంది, కోసిన చోట చుక్క వేస్తే చాలు. బంగారం కొట్లలో నాణ్యత చూసే ఎక్స్‌రే మీటరు లాంటిదే చేతిలో పట్టుకునేదీ ఉంది. ఆర్సెనిక్‌ను అది క్షణాల్లో చూపిస్తుంది.

కరెంటు, ఎరువుల ఫ్యాక్టరీలు కూలింగ్ టవర్ కలపను వేలం వేసేటప్పుడు మందు పట్టించిన సంగతి కాగితంలో రాయాలి, వంటచెరకుగా అమ్మకూడదని షరతు పెట్టాలి. రెండు రాష్ట్రాల కాలుష్య నియంత్రణ మండళ్లు ఈ మాట మీద ఒక ఉత్తర్వు ఇస్తే సరిపోతుంది. దుండిగల్, పరవాడల్లో ప్రమాదకర వ్యర్థాల కేంద్రాలు ఎలాగూ ఉన్నాయి. యాసిడ్ పద్ధతిని మన కలప మీద ముందు చిన్న ఎత్తున అక్కడే పరీక్షించవచ్చు. ఖర్చు కొనుక్కున్న అడితివాళ్ల మీద కాకుండా, టవర్ ఎవరిదైతే వాళ్ల మీదే వేయాలి.

– ఒక విశ్రాంత ఇంజినీరు, కాకినాడ