పసిపిల్లల బల్లకు ముందు గోడ సంగతి చూడండి

సంపాదకుడికి నమస్కారం.

తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం అమలవుతోంది. చంటిబిడ్డను చంకనేసుకుని ఊళ్లు తిరిగే తల్లులు బస్టాండ్లలో ఎక్కువయ్యారు. అమృత్ భారత్ పథకం కింద బేగంపేట, కరీంనగర్, వరంగల్, సూళ్లూరుపేట రైల్వేస్టేషన్లు 2025 మేలో కొత్త రూపంలో తెరుచుకున్నాయి. మరెన్నో చోట్ల పనులు సాగుతున్నాయి. పాలిచ్చే గదులు, శిశు సంరక్షణ సదుపాయాల గురించి కేంద్రం 2024 ఫిబ్రవరిలో రాష్ట్రాలకు లేఖ రాసింది. కొత్తగా కట్టే ప్రభుత్వ భవనాల్లో వీటికి ముందే చోటు కేటాయించాలని 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. డ్రాయింగులు, టెండర్లు తయారయ్యే వేళ ఇది. అందుకే మరుగుదొడ్లలో గోడకు బిగించే మడత బల్ల, అంటే బిడ్డను పడుకోబెట్టి డైపరో గోచీయో మార్చే బల్ల గురించి ఇంజినీర్లకు, కాంట్రాక్టర్లకు, అధికారులకు కొన్ని విషయాలు చెప్పాలని ఈ ఉత్తరం.

టెండరులో 'బేబీ ఛేంజింగ్ స్టేషన్ - 1' అని ఒక్క వరుస రాసి వదిలేస్తే వచ్చేది ఒక ప్లాస్టిక్ పెట్టె, నాలుగు స్క్రూలు. అది బిడ్డను మోయాలంటే అసలు బలం గోడలో ఉండాలి. లెక్క చూడండి. తెరిచిన బల్ల గోడ నుంచి సుమారు 55 సెంటీమీటర్లు ముందుకు వస్తుంది. బిడ్డ 10 కిలోలే ఉండొచ్చు. కానీ దాని మీద బట్టల సంచి పెడతారు, మోచేతులు ఆనిస్తారు, కాళ్లు లాగుతున్న పెద్దవాళ్లు కూర్చుంటారు. గోడకు 50 సెం.మీ. దూరంలో 100 కిలోల భారం పడిందనుకుందాం. పై వరుస బోల్టులకూ, వెనక పలక గోడను నొక్కే కింది అంచుకూ మధ్య ఎత్తు 40 సెం.మీ. ఉంటే, పై బోల్టులను గోడలోంచి ఊడబెరికే బలం 100×50÷40, అంటే 125 కిలోలు. రెండు బోల్టులైతే ఒక్కోదాని మీద 62 కిలోలకు పైనే. వెనక పలక ఎత్తు 15 సెం.మీ. మాత్రమే ఉన్న చవక రకంలో అదే బలం 333 కిలోలకు చేరుతుంది. కాబట్టి కొనేటప్పుడు చూడాల్సినవాటిలో వెనక పలక ఎత్తు మొదటిది. బోల్టుకు నాలుగు రెట్ల భద్రత ఉంచి, ఒక్కోటి కనీసం 250 కిలోల లాగుడుకు నిలిచేలా బిగించాలి.

ఆ 250 కిలోలు ఏ గోడలో దొరుకుతాయన్నదే అసలు ప్రశ్న. కాంక్రీటు గోడయితే చింత లేదు, 10 మి.మీ. యాంకర్ బోల్టులు (రంధ్రంలో విచ్చుకుని గోడను పట్టుకునేవి) 75 మి.మీ. లోతుకు దించితే చాలు. తొమ్మిదంగుళాల ఇటుక గోడలో రంధ్రం ఇటుక మధ్యలో పడాలి, సిమెంటు సందులో పడకూడదు. నాలుగున్నర అంగుళాల పార్టిషన్ గోడకు యాంకర్ల మీద ఆధారపడొద్దు. బోల్టు అవతలి వైపుకు తీసి, వెనక 5 మి.మీ. మందం ఇనుప ప్లేటు వేసి నట్లు బిగించాలి. ఇప్పుడు ఎక్కువగా వాడుతున్న తేలిక ఏఏసీ బ్లాకుల (గాలి బుడగలతో తయారైన కాంక్రీటు ఇటుకల) దగ్గరే ఇబ్బంది ఎక్కువ. మామూలు యాంకర్ బిగిస్తున్నకొద్దీ విచ్చుకుని చుట్టూ ఉన్న బ్లాకును నొక్కుతుంది. ఆ బ్లాకు లోపల్లోపలే పొడి అవుతుంది. బిగించిన రోజు గట్టిగానే అనిపిస్తుంది. రోజూ తెరిచి మూసే కుదుపులకు కొన్ని వారాల్లో వదులై, ఒకనాడు బోల్టు పొడితో సహా ఊడొస్తుంది. ఏఏసీకి పనికొస్తుందని తయారీదారు రాసిచ్చిన రెసిన్ యాంకర్లే, అంటే రంధ్రంలో జిగురుతో అతుక్కునే బోల్టులే వాడాలి. లేదా పార్టిషన్ గోడకు చెప్పినట్టే ఇక్కడా ప్లేటు వేయాలి. రెసిన్ యాంకరుకు రంధ్రంలో దుమ్ము లేకుండా చూడటం ప్రాణం. బ్రష్‌తో రుద్ది, గాలి ఊది, మళ్లీ రుద్ది మళ్లీ ఊదాలి. దుమ్ము మిగిలితే రెసిన్ దుమ్మును పట్టుకుంటుంది, గోడను పట్టుకోదు. గట్టిపడటానికి ట్యూబు మీద రాసిన సమయం పూర్తయ్యేదాకా బల్ల తగిలించకూడదు.

కొత్త కట్టడమైతే ఇంత తంటా అక్కర్లేదు. గోడ కట్టేటప్పుడే బల్ల వచ్చే చోట నేల నుంచి 70 సెం.మీ. మొదలు 140 సెం.మీ. ఎత్తు దాకా, మీటరు వెడల్పున కాంక్రీటు పోయించండి. మేస్త్రీకి అది చిన్న పని. తర్వాత టైల్స్ పగలగొట్టి చేయాల్సిన పనితో పోలిస్తే ఖర్చు లెక్కలోకే రాదు.

టైల్స్ గురించీ ఒక మాట. నాలుగు మూలలా సిమెంటు ముద్దలు పెట్టి అతికించిన టైలు వెనక ఖాళీ ఉంటుంది. వేలితో కొడితే డొల్ల శబ్దం వస్తుంది. అక్కడ బోల్టు బిగిస్తే టైలు లోపలికి వంగి పగులుతుంది, పగులులోంచి నీళ్లు దిగుతాయి. ఆ ఖాళీని ముందు సిమెంటుతో నింపాలి. టైలు దాటేదాకా డ్రిల్లింగ్ మెషిన్‌ను సుత్తి మోడ్‌లో నడపకూడదు. గోడలో దాచిన నీటి పైపు ఎటు పోతోందో డ్రాయింగులో చూసుకునే డ్రిల్ పట్టుకోవాలి.

బిడ్డ పడుకునే ఉపరితలం నేల నుంచి 80-85 సెం.మీ. ఎత్తులో ఉండాలి. మన ఆడవాళ్ల సగటు ఎత్తు సుమారు 152 సెం.మీ. అంతకంటే పైకి పెడితే భుజాలు ఎత్తి పనిచేయాలి, పట్టు తప్పుతుంది. చక్రాల కుర్చీలో ఉన్నవాళ్ల కోసం అమెరికా ప్రమాణాలు గరిష్ఠంగా 34 అంగుళాలు, అంటే 86 సెం.మీ. అంటాయి. మన కొలత అందులోనూ ఇముడుతుంది. తప్పు జరిగేది కొలిచే సమయంలో. టైల్స్ పరవకముందు గచ్చు మీంచి గుర్తు పెడితే, పరిచాక 5 సెం.మీ. తేడా వస్తుంది. మరుగుదొడ్డి నేలకు ఎలాగూ వాలు ఉంటుంది కాబట్టి బల్ల ముందు మనిషి నిలబడే చోటు నుంచే కొలవాలి, బల్లను రసమట్టంతో సరిచూడాలి. మూసినప్పుడు బల్ల గోడ నుంచి 10 సెం.మీ. కంటే ముందుకు రాకూడదు. చూపులేనివారి చేతికర్ర నేల మీద ఆనుతుంది కానీ ఛాతీ ఎత్తులో ఉన్న పెట్టెను పసిగట్టలేదు.

తెరిచిన బల్లకు 55, మనిషి నిలబడటానికి 80, మొత్తం 135 సెం.మీ. ఖాళీ కావాలి. తలుపు తెరుచుకునే దారిలో ఈ బల్ల ఉండకూడదు. తలుపు తోసిన మనిషికి లోపల బిడ్డ ఉన్నట్టు తెలియదు. చేతులు ఆరబెట్టే యంత్రం పక్కన కూడా వద్దు, ఆ మోతకు పిల్లలు ఉలిక్కిపడి దొర్లుతారు.

విదేశీ నమూనాను యథాతథంగా తెచ్చి పెట్టినప్పుడు మన అలవాటుకు సరిపోనిది ఒకటుంది. అవి తడి కాగితంతో తుడిచే పద్ధతికి తయారైనవి. మనం నీళ్లతో కడుగుతాం. కుళాయి నాలుగడుగుల అవతల ఉంటే తల్లి బిడ్డను బల్ల మీద ఒంటరిగా వదిలి వెళ్లాలి, లేదా తడి బిడ్డను ఎత్తుకుని నడవాలి. రెండూ ప్రమాదమే. నాలుగో నెల నుంచే పిల్లలు దొర్లుతారు. ఒక చెయ్యి ఎప్పుడూ బిడ్డ మీదే ఉండాలి కాబట్టి, మిగతావన్నీ రెండో చేతికి అందాలి. బల్లకు 60 సెం.మీ. లోపు చేతి షవర్ ఉన్న కుళాయి, బరువైన సంచి తగిలించే కొక్కెం, కాలితో తెరిచే మూత డబ్బా ఉండాలి. బల్ల కింద నేలకు వాలు, దగ్గర్లోనే నహానీ ట్రాప్ (నేలలో నీళ్లు పోయే జాలీ) ఉంటే కడిగిన నీళ్లు కాళ్ల కింద నిలవవు. బల్ల ఉపరితలం మధ్యలో పల్లంగా, నాలుగు వైపులా కనీసం 5 సెం.మీ. గట్టుతో ఉండాలి. పల్లంలో నీరు నిలవకుండా అంచున చిన్న దారి ఇవ్వాలి. వాడిన డైపరును కాగితంలో గట్టిగా చుట్టి డబ్బాలో వేయాలి. డబ్బా పక్కన పాత వార్తాపత్రికల కట్ట ఒకటి తగిలిస్తే అదే చుట్టడానికి పనికొస్తుంది.

బెల్టుంది కదా అని ధైర్యం చేసి బిడ్డను వదిలి పక్కకు వెళ్లకూడదు. నైలాన్ బెల్టు నీళ్లు పీల్చి తడిగా ఉండిపోతుంది. పాలీప్రొపిలీన్ బెల్టు తొందరగా ఆరుతుంది, పాడైతే దాన్నొక్కదాన్నే మార్చేలా ఉండాలి. కీలు దగ్గర కదిలే భాగాల మధ్య 5 నుంచి 12 మి.మీ. సందు ఉండకూడదు, పసివేళ్లు ఇరుక్కునే వెడల్పు అదే. ఒక చేత్తో తెరవగలిగేలా రెండు కిలోల లాగుడుకే బల్ల దిగాలి. అయితే మూడేళ్ల పిల్లాడు లాగినా దిగుతుంది కాబట్టి, నెత్తిన దబ్బున పడకుండా నెమ్మదిగా దించే డ్యాంపర్ తప్పనిసరి.

ఆ డ్యాంపరును, కీళ్లను మన మరుగుదొడ్లలో తినేసేది యాసిడ్. కమోడ్లు, నేల శుభ్రానికి చల్లే హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఆవిరి 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు మీద కూడా గుంటలు పెడుతుంది. డ్యాంపరులోని గ్యాస్ స్ప్రింగ్ కడ్డీ గరుకు దేలితే సీలు చిరిగి, గ్యాస్ పోయి, బల్ల ఒక్కసారిగా కిందికి పడుతుంది. విశాఖ, కాకినాడ లాంటి తీరపట్టణాల్లో ఉప్పుగాలి దీనికి తోడవుతుంది. అక్కడ 316 రకం స్టీలు, ప్లాస్టిక్ తొడుగు ఉన్న డ్యాంపరు అడగండి. బల్ల ఉన్న గదిలో యాసిడ్ వాడకం మానేయడం అన్నిటికంటే మేలు.

శుభ్రం చేసే సిబ్బందికి పద్ధతి రాసివ్వాలి. ముందు సబ్బునీళ్లతో మలం, మూత్రం పూర్తిగా కడగాలి. మురికి మిగిలితే తర్వాత వాడే మందులోని క్లోరిన్ దాని మీదే ఖర్చయిపోతుంది. తర్వాత 5 శాతం హైపోక్లోరైట్ (క్లోరిన్ బ్లీచ్ ద్రావణం) 20 మిల్లీలీటర్లు కలిపిన లీటరు నీళ్లతో తడిపి పది నిమిషాలు ఉంచాలి. అది దొరక్కపోతే లీటరుకు సుమారు 3.5 గ్రాముల బ్లీచింగ్ పౌడర్ కలిపి తేర్చిన నీళ్లు వాడొచ్చు. చివర మంచినీళ్లతో కడిగి పొడిగుడ్డతో తుడవాలి. బ్లీచింగ్‌ను, యాసిడ్‌ను ఎప్పుడూ కలపకూడదు. వెలువడే క్లోరిన్ వాయువు మూసిన గదిలో ప్రాణం తీయగలదు. ఈ ఒక్క మాట గోడ మీద పెద్దక్షరాల్లో రాయించండి.

బల్ల ఆడవాళ్ల వైపు ఒక్కటే పెడితే తండ్రి, తాతయ్య బిడ్డను ఏ బెంచీ మీదో పడుకోబెట్టాలి. అమెరికాలో ప్రజలు వచ్చే ఫెడరల్ భవనాల్లో మగవాళ్ల మరుగుదొడ్లలోనూ ఈ సదుపాయం ఉండాలని 2016లో చట్టమే చేశారు. రెండు వైపులా చోటు లేకపోతే, రెండింటికీ బయట ఎవరైనా వెళ్లగలిగే చిన్న గది కట్టండి.

టెండరులో ఇలాంటి బల్లలకు అమెరికా సంస్థ ఏఎస్‌టీఎం పెట్టిన ఎఫ్2285 ప్రమాణం ప్రకారం పరీక్షించిన పత్రం అడగొచ్చు. కానీ ఆ పత్రం బల్లకే, మీ గోడకు కాదు. అందుకే బిల్లు పాస్ చేసే ముందు అక్కడికక్కడే పరీక్ష చేయించండి. బల్ల తెరిచి ముందు అంచు నేల నుంచి ఎంత ఎత్తుందో కొలవండి. 50 కిలోల సిమెంటు బస్తాలు రెండు దాని మీద ఉంచి పది నిమిషాలు ఆగండి. దించాక మళ్లీ కొలవండి. అంచు పాత ఎత్తుకు రాకపోయినా, బోల్టు చుట్టూ టైలు చిట్లినా, వెనక పలకకూ గోడకూ మధ్య కాగితం దూరేంత సందు ఏర్పడినా తిరిగి బిగించమనాలి. నెలకోసారి బోల్టులు, బెల్టు, డ్యాంపరు చూసే బాధ్యత ఎవరిదో నిర్వహణ ఒప్పందంలో పేరుపేరునా రాయాలి. లోపం కనబడిన రోజే బల్లను మూసి తాళం వేసే ఏర్పాటు కూడా అందులో ఉండాలి.

భవదీయులు,
ప్రజా మరుగుదొడ్ల రూపకల్పన, అమరిక పనుల్లో ఉన్న కొందరు ఇంజినీర్లు,
విజయవాడ.