వంటిల్లు చూపిస్తున్నారు, చెరువు చూపడం లేదు
విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర విద్యాశాఖ మంత్రి గారికి నమస్కారాలు.

ఫలితాలు వచ్చిన మర్నాడు విజయవాడ బెంజి సర్కిల్ నుంచి ఏలూరు రోడ్డు దాకా ఒకసారి కారద్దం దించుకుని చూడండి. ఫ్లెక్సీల నిండా తపాలా బిళ్లల్లా పేర్చిన పిల్లల ఫొటోలు, ఒక్కో ఫొటో కింద ఒక ర్యాంకు. గుంటూరు లక్ష్మీపురంలోనూ అంతే. అప్పు చేసైనా ఇక్కడే చేర్పిద్దామనుకునే తండ్రి అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఎంతమంది రాస్తే ఇంతమందికి వచ్చాయి? ఆ ప్రశ్న అడగడం ఎనిమిదో తరగతిలోనే నేర్పించమని కోరడానికే ఈ లేఖ.

ఊహించిన అంకెలతో లెక్క వేద్దాం. ఒక కాలేజీలో 20,000 మంది రాస్తే 40 మందికి మంచి ర్యాంకులు వచ్చాయి. అంటే 500 మందికి ఒకరు. పక్క సందులో ఇంకో కాలేజీ. అక్కడ 200 మంది రాస్తే ఇద్దరికి వచ్చాయి, అంటే వందకు ఒకరు. మొదటిదాని ఫ్లెక్సీ రోడ్డంత పొడుగు, రెండోదానికి ఫ్లెక్సీయే లేదు. అలాగని రెండోదే మంచిదని తేల్చేయడానికీ లేదు. ఇద్దరు అన్నది మరీ చిన్న లెక్క, వచ్చే ఏడాది సున్నా కావచ్చు. పైగా ముందే పరీక్ష పెట్టి చురుకైన పిల్లల్ని ఏరి వేరే బ్యాచ్‌లో కూర్చోబెడితే, ర్యాంకు పాఠం బాగా చెప్పినందుకు వచ్చిందా, పిల్లల్ని ఏరినందుకు వచ్చిందా తెలియదు.

దీనికి బయటి నుంచి విద్య తెచ్చుకోనక్కర్లేదు. తెలుగువాడని పండితులు చెప్పే అన్నంభట్టు 17వ శతాబ్దంలో రాసిన తర్కశాస్త్ర పుస్తకం తర్కసంగ్రహంలోనే ఉంది. కొండ మీద పొగ ఉంది కాబట్టి నిప్పు ఉంది. ఎలా నమ్మడం? పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది, వంటింట్లో లాగా. ఇది అన్వయం. శాస్త్రం అక్కడితో ఆగలేదు. నిప్పు లేనిచోట పొగ ఉండదు, చెరువులో లాగా. ఇది వ్యతిరేకం. ఫ్లెక్సీ అయినా, టీవీ ప్రకటన అయినా, వాట్సాప్ చిట్కా అయినా చూపించేది వంటిల్లే, అంటే ఫలితం వచ్చిన చోటే. ఫలితం లేని చోటు, ఆ చెరువు, చూపించరు. 'టాపర్లంతా తెల్లవారుజామున నాలుగింటికి లేస్తారు' అంటారు. నాలుగింటికి లేచేవాళ్లలో పాలబ్బాయీ ఉన్నాడు, పూల మార్కెట్లో మూటలు మోసేవాళ్లూ ఉన్నారు, నాలుగింటికే లేచి ర్యాంకు రాని వేలమంది పిల్లలూ ఉన్నారు. వాళ్ల ఫొటోలు ఎవరు వేస్తారు?

గుంటూరు జిల్లా పిల్లలకు ఇంతకంటే దగ్గరి పాఠం మిరప చేలో దొరుకుతుంది. 2021లో తోటల్ని ముంచిన నల్ల తామర పురుగు సంగతే తీసుకుందాం. రైతు మందు ఎప్పుడు కొడతాడు? పూతలో పురుగు కుప్పలుగా కనిపించినప్పుడు, అంటే ఉధృతి బాగా ఎక్కినప్పుడు. అంత ఎక్కాక మందు కొట్టకపోయినా దానంతటదే కొంత తగ్గవచ్చు. ఆ వారంలో గట్టి వాన పడితే ఇంకా తగ్గుతుంది. పేరు మాత్రం దుకాణంలో ఇచ్చిన డబ్బాకు వస్తుంది. కాకి వాలడం, తాటిపండు రాలడం! కాకతాళీయం అన్న మాట మనకెప్పటినుంచో ఉంది, వాడడమే మరిచాం. ఇక్కడ చెరువు చూపించడం చాలా చౌక. చేను మధ్యలో నాలుగు సాళ్లు మందు కొట్టకుండా వదలాలి. గట్టు పక్క సాళ్లు పనికిరావు, పక్క చేను మందూ పురుగూ అక్కడే పడతాయి. కొట్టే ముందు ఒకసారి, మూడో రోజు, ఏడో రోజు రెండు చోట్లా పదేసి మొక్కల పూలను తెల్ల కాగితం మీద దులిపి పురుగుల్ని లెక్కపెట్టాలి. రెండు చోట్లా ఒకేలా తగ్గితే డబ్బా గొప్పేమీ లేనట్టే.

ఇక మాటల గారడీ. దీన్ని మనవాళ్లు ఛలం అన్నారు. 'నవ' అంటే కొత్త, తొమ్మిది అని రెండర్థాలు. కొత్త కంబళి అన్న అర్థంలో ఒకడు 'నవ కంబళం' అంటే, తొమ్మిది కంబళ్లేవీ అని రెండోవాడు అడ్డం తిరగడం పాత ఉదాహరణ. బీసెంట్ రోడ్డులో దాని వారసుడు '70 శాతం వరకు తగ్గింపు'. 70 అరచేతంత, 'వరకు' ఆవగింజంత. '100 శాతం ఫలితాలు' అన్నప్పుడు పాసా, ర్యాంకా అన్నది చెప్పరు.

బడిలో ఇది చెప్పడానికి కొత్త పుస్తకం వద్దు. తెలుగు పీరియడ్లలోంచి ఏడాదికి పన్నెండు చాలు. నలుగురేసి పిల్లలకు ఒక కరపత్రం ఇవ్వాలి. మొదట, మనల్ని ఏం నమ్మమంటున్నారో ఒక్క వాక్యంలో రాయాలి, అది ప్రతిజ్ఞ. కరపత్రం వేసినవాడు చదివినా 'అవును, నేనన్నది ఇదే' అనేట్టు ఉండాలి. పిల్లలు ఎక్కువగా తప్పేది ఇక్కడే, ఎదుటివాడి మాటను వంకర చేసి దాన్ని కొట్టేస్తారు. తర్వాత వాళ్లు చెప్పిన కారణం, అది హేతువు. చివరికి, ఆ కారణం ఉండీ ఫలితం లేని చోటు ఏదైనా ఉందేమో వెతకాలి.

ఈ వెతుకులాటలో ఒక గుంట ఉంది. 'మా తాత రోజుకో కట్ట బీడీలు తాగి తొంభై ఏళ్లు బతికాడు' అన్నది 'బీడీ తాగిన ప్రతివాడూ తొందరగా పోతాడు' అన్న మాటను పడగొడుతుంది. 'బీడీ ముప్పు పెంచుతుంది' అన్న మాటను కదిలించలేదు. ఈ తేడాకు రెండు పీరియడ్లు కేటాయించినా తక్కువే. వాదన తప్పయినంత మాత్రాన చెప్పిన విషయం అబద్ధమైపోదన్నదీ ఇక్కడే చెప్పాలి.

పేర్లు బట్టీ పట్టిస్తే మాత్రం చెడుతుంది. ప్రతి మాటకీ 'ఇది హేత్వాభాస', అంటే కారణంలా కనిపించే తప్పుడు కారణం, అని అరిచే పిల్లలు తయారవుతారు, చర్చ పోయి తిట్టు మిగులుతుంది. వితండవాదం అన్న మాటకు పట్టిన గతి చూడండి. తన పక్షమేదో నిలబెట్టకుండా ఎదుటివాణ్ని కొట్టడం మాత్రమే వితండ. ఇప్పుడు మనకు నచ్చని వాదమల్లా వితండవాదమే. అందుకే పిల్లలకు పేర్లకంటే ముందు ప్రశ్నలు ఇవ్వాలి: 'అది ఎలా తెలిసిందండీ?', 'ఫలితం రానివాళ్ల సంగతేంటండీ?' మొదటి నెల కులం, మతం, పార్టీల జోలికి పోకూడదు. పోతే రెండో రోజుకే తల్లిదండ్రులు హెడ్మాస్టరు గదిలో ఉంటారు. చీరల ప్రకటనలతో మొదలుపెట్టి అటువైపు ఆఖర్న, అన్ని పక్షాల కరపత్రాలతో వెళ్లాలి. పిల్ల టీచరు మాటనే ప్రశ్నిస్తే 'ఎదురు చెబుతున్నావా' అనకుండా ఉండటానికి టీచర్లకూ ఒక రోజు శిక్షణ కావాలి. నిజానికి కష్టమైన భాగం ఇదే.

పరీక్షలో నిర్వచనాలు అడగవద్దు. పిల్లలు ముందెన్నడూ చూడని కరపత్రం ఒకటి ఇచ్చి, నాలుగు మార్కులకు, 'నమ్మే ముందు ఇంకా ఏం తెలియాలి?' అని అడగండి చాలు.

బడి బయట చేయాల్సింది కూడా ఒకటుంది. కోచింగ్ ప్రకటనలపై కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2024 నవంబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. ఫొటో వేస్తే పక్కన పేరు, ర్యాంకు, ఏ కోర్సు, ఎన్నాళ్లు చదివారు అన్నవి ఉండాలంది, విద్యార్థి రాతపూర్వక అనుమతి కావాలంది. వీటిని మన ఊళ్ల ఫ్లెక్సీలకు అమలు చేయించండి. దానికి తోడు, ఆ ఏడాది ఆ సంస్థ నుంచి మొత్తం ఎంతమంది రాశారన్న అంకెను ర్యాంకు అంకె ఎంత సైజులో ఉందో అంతే సైజులో వేయించండి.

ఇట్లు,
విజయవాడ, గుంటూరుల్లో తెలుగు, తర్కం, గణాంకశాస్త్రం బోధిస్తున్న కొందరు