లేని పేజీల గురించి మీ మేనేజర్ గారికి

మేనేజర్ గారికి,

విషయం: నవల రెండో సంపుటంలో పేజీలు లేకపోవడం, అడిగితే ఎవరూ పట్టించుకోకపోవడం.

నమస్కారం. మీ సంస్థ వేసిన యుద్ధకాలపు కుటుంబ నవల రెండు సంపుటాలూ మీ వెబ్‌సైట్‌లోనే డబ్బు కట్టి తెప్పించుకున్నాను. రెండో సంపుటం మధ్యలో ఒక ఫారం, అంటే కలిపి మడిచి కుట్టే పేజీల కట్ట, మొత్తం లేదు. దాని ముందున్న ఫారమే రెండుసార్లు పెట్టి కుట్టేశారు. అచ్చు పనిలో ఇలాంటివి జరుగుతుంటాయి, దానికోసమైతే ఇంత ఉత్తరం రాసేదాన్ని కాదు. ఆ తర్వాత మీవాళ్ళు నన్ను తిప్పిన తీరు గురించి రాస్తున్నాను.

మొదట కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాను. ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అయ్యాక ఒక అమ్మాయి పలికింది. నా మాట పూర్తి కాకుండానే "రిటర్న్ గడువు ఏడు రోజులే మేడమ్, అయిపోయింది" అంది. మొదటి సంపుటం చదివి రెండోది మొదలుపెట్టేసరికే వారం దాటిపోతుంది కదా! రిటర్న్ వద్దమ్మా, పేజీలు కావాలన్నాను. పార్సిల్ విప్పుతున్నప్పుడు తీసిన వీడియో ఉంటే పంపమంది. పుస్తకాల పార్సిల్‌ని వీడియో తీసుకుంటూ ఎవరు విప్పుతారు? లేదన్నాను. అయితే మేమేం చెయ్యలేమని పెట్టేసింది. ఆ సాయంత్రమే మీ సమస్య పరిష్కారమైంది, మా సేవకి స్టార్లు ఇవ్వండి అని మెసేజ్ వచ్చింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

పుస్తకం పట్టుకుని ఏలూరు రోడ్డులో మీ షాపుకి వెళ్ళాను. కౌంటర్‌లో ఉన్నాయన దాన్ని తెరిచి చూడనైనా లేదు. ఆన్‌లైన్‌లో కొన్నవి ఆన్‌లైన్ వాళ్ళే చూసుకోవాలట. ఆయన వెనక అలమరలో అదే సంపుటం వరసగా కనిపిస్తోంది. కనీసం ఆ పేజీలు జిరాక్స్ తీసివ్వండి, డబ్బులు నేనే ఇస్తానన్నాను. కాపీరైట్ ఒప్పుకోదు, ఆటోనగర్‌లో గోడౌన్‌కి వెళ్ళండి అన్నాడు. ఎండలో ఆటో మాట్లాడుకుని అక్కడికీ పోయాను. గోడౌన్ ఆయన తప్పు ప్రెస్సు వాళ్ళదన్నాడు. ఏ ప్రెస్సో చెప్పడు. హెడ్డాఫీసుకి మెయిల్ పెడితే జవాబు వచ్చింది. మళ్ళీ పెడితే అదే జవాబు, అక్షరం మారకుండా. చదివే మనిషే లేడని అర్థమైంది.

ఆఖరికి ఫోన్లో దొరికిన మీ సీనియర్ ఒకాయన, "కొన్ని పేజీలే కదా మేడమ్, కథ అర్థమవుతుంది" అన్నారు. పుస్తకాలు అమ్మే సంస్థలో మనిషి అనాల్సిన మాటేనా అది?

ఆ పేజీల్లో ఉన్నది 1942 వేసవి. మార్చిలో బర్మాలోని రంగూన్ జపాన్ వాళ్ళ చేతికి పోయింది, అక్కడ పనిచేసే ఆ ఇంటి పెద్దకొడుకు దగ్గర్నుంచి ఉత్తరాలు ఆగిపోయాయి. అంతవరకు ఉంది. తర్వాతి పేజీ తిప్పితే ఆగస్టు 12, క్విట్ ఇండియా ఉద్యమంలో తెనాలి స్టేషన్ దగ్గర కాల్పులు. ముందుకు చదివి చూశాను. 1943లో చిల్లు కాణీలు (మధ్యలో చిల్లున్న నాణేలు) వచ్చేదాకా వెళ్ళినా పెద్దకొడుకు ఊసే లేదు. బర్మాలోని అరకాన్ కొండల మీదుగా నడిచి ఇంటికి చేరాడా, దారిలోనే పోయాడా?

ఇది తెలియాల్సింది ముఖ్యంగా మా అమ్మకి. తొంభై దాటాయి, చూపు ఆనదు, నేను పైకి చదివితే వింటుంది. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాన్ విమానాలు బాంబులు వేసినప్పుడు ఆమె కాకినాడలో చిన్నపిల్ల. ఇల్లు వదిలేసి తాతయ్య అందర్నీ బెజవాడ బంధువుల దగ్గరికి తీసుకొచ్చేశారు. యుద్ధం గురించి రాసినవాళ్ళు సైన్యాల గురించే ఎక్కువ రాశారు. బర్మా బియ్యం రావడం ఆగిపోతే ఇక్కడి ఆడవాళ్ళు పొయ్యి మీద ఏం పెట్టారో, కిరసనాయిలు దొరక్క రాత్రిళ్ళు ఎలా గడిపారో ఈ నవల రాసింది. ఆ ఘట్టం చదువుతుంటే అమ్మ నన్ను ఆపి, అది మా వంటిల్లేనే అంది. ఇప్పుడు రోజూ "ఆ అబ్బాయి వచ్చాడా?" అని అడుగుతోంది. నేనేం చెప్పాలి?

మా నాన్నగారి కాలం నుంచి మాది మీ పుస్తకాలు కొనే ఇల్లు. జనవరిలో పుస్తక మహోత్సవం పెడితే మీ స్టాల్‌కి రాకుండా ఉండం. పిల్లల పుట్టినరోజులకీ, పెళ్ళిళ్ళకీ మీ పుస్తకాలే బహుమతిగా ఇచ్చాను. అలాంటి ఇంటి మనిషితో మాట్లాడే పద్ధతేనా ఇది?

డబ్బు వాపసు నాకొద్దు. మంచి ప్రతి పంపండి, అది కుదరకపోతే ఆ ఫారమైనా పంపండి. ఇంత తిప్పాక అదొక్కటే చాలదు. ఎవరో ఒకరు సంతకం పెట్టి జవాబు రాయాలి. ఈ ముద్రణ కొన్న మిగతావాళ్ళకీ పేజీలు అందాలి. నెలాఖరు దాకా చూస్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేనుంటున్న జిల్లాలోనే కమిషన్‌కి వెళ్ళొచ్చు, ఇంత చిన్న మొత్తానికి ఫీజు కూడా లేదు. తప్పకుండా వెళ్తాను. అప్పటికీ కదలకపోతే వచ్చే పుస్తక మహోత్సవంలో మీ స్టాల్ ముందే ఈ సంపుటం తెరిచి పట్టుకుని నిలబడి, వచ్చిన ప్రతివాళ్ళకీ చూపిస్తాను.

ఇట్లు,
మీ పాత పాఠకురాలు,
సత్యనారాయణపురం, విజయవాడ